ఎముక ఎవరిదో వారిని అడిగారా?



మన కలువాయి, ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతములలో ఎవరైనా జారిపడి చేయో కాలో విరిగితే ఏమి జరుగుతుందో మీరెరిగినదే. నిమిషాల్లో ఇంటి ముందు జనం చేరుతారు. ఒకరు నెల్లూరు అంటారు. ఒకరు పుత్తూరు అంటారు. ఇంకొకరు తమ బావమరిదికి వెల్లూరులో ఎంత బాగా చేశారో చెప్పడం మొదలుపెడతారు. మేనమామ వచ్చేదాకా ఆగుదామని మరొకరు. ఇంతలో పడిన మనిషి నులక మంచం మీద మూలుగుతూ ఉంటాడు. నీకేమి కావాలని అతణ్ణి అడిగేవారు అరుదు.

చివరకు చాలా ఇండ్లలో జరిగేది ఏమిటంటే, నెల్లూరు పోయి ఎక్స్‌రే తీయిస్తారు, డాక్టరుగారు ఆపరేషన్ అనగానే ఆలోచించుకొని వస్తామని చెప్పి, ఆ ఫిల్ము కవరు చంకన పెట్టుకొని పుత్తూరు దారి పడతారు. పరీక్ష ఒకరి దగ్గర, వైద్యం మరొకరి దగ్గర! పట్నంలో చదువుకున్నవారు దీనిని చూసి నవ్వుతారు. నాకైతే నవ్వు రాదు. ఆ ప్రయాణంలో ఒక లెక్క ఉన్నది. ఎముక ఎక్కడ విరిగిందో తెలియాలి, అది యంత్రమే చెప్పాలి. కాని కత్తి పడకూడదు, లోపల ఇనుము ఉండకూడదు, చేతిలో ఉన్న డబ్బుతో అయిపోవాలి, రాత్రికి ఇల్లు చేరాలి, ఇంటి దగ్గర గొడ్లున్నాయి. ఈ కోరికల్లో ఒక్కటైనా మూర్ఖత్వం కాదు. ఆపరేషన్ చెప్పిన డాక్టరుగారు ఈ కోరికలను అడిగి, ఒక్కొక్కదానికి జవాబు చెప్పి ఉంటే, ఆ బస్సు ఎక్కేవారిలో కొందరైనా ఆగేవారని నా నమ్మకము.

పుత్తూరు సంగతి కొంచెం చెప్పుకోవాలి. తిరుపతి నుండి చెన్నై పోయే దారిలో ఉన్న ఆ ఊరి పక్కన రాచపాళెంలో రాజుల కుటుంబము తరతరాలుగా ఈ కట్టు కడుతున్నది. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు దబ్బలు, గుడ్డ, ఇవే వారి సామాను. ఆంధ్ర నుండే కాదు, తమిళనాడు, కర్ణాటకల నుండి కూడా జనం వస్తారు. ఎముకకు దేవుడిచ్చిన స్వభావమే అతుక్కొనుట. రెండు ముక్కలు సరిగ్గా ఎదురెదురుగా ఉండి, కదలకుండా ఉంటే, మందు ఉన్నా లేకున్నా కొన్ని వారాలలో కొత్త ఎముక పోసుకుంటుంది. ఆసుపత్రిలో వేసే సిమెంటు కట్టు చేసేదీ అదే, కదలకుండా పట్టి ఉంచడమే. కాబట్టి విరిగిన ముక్క పక్కకు జరగనప్పుడు, చిన్నపిల్లల ముంజేయి బీటవారినప్పుడు, మెడ కింది కంటె ఎముక విరిగినప్పుడు, చాలామందికి ఆపరేషన్ లేకుండానే బాగవుతుంది. అలాంటి చోట నాకు కత్తి వద్దు అనేవాడు తెలివితక్కువవాడు కాదు. పెద్ద వయసువారికి మణికట్టు విరిగినప్పుడు కూడా అంతే. కట్టుతో అతికితే చేయి కొంచెం వంకరగా కనబడవచ్చు గాని, ఏడాది తిరిగేసరికి చాలామంది ఆపరేషన్ చేయించుకున్నవారితో దాదాపు సమానంగానే పని చేసుకుంటారు. వంకర ఉన్నా ఫరవాలేదు అనుకొనే అవ్వకు ఒక దారి. చేతిపని మీద బ్రతికే దర్జీకి మరొక దారి కావచ్చును. ఆ నిర్ణయం ఎక్స్‌రే ఫిల్ములో ఉండదు, మనిషి బ్రతుకులో ఉంటుంది.

అయితే ఇక్కడ రెండు మాటలు గట్టిగా చెప్పక తప్పదు. మొదటిది కట్టు బిగువు. ఇప్పుడు ప్రతి పట్నంలోను, ప్రతి రోడ్డు పక్కన పుత్తూరు కట్టు అని బోర్డు కనబడుతుంది. ఆ బోర్డు పెట్టిన ప్రతివాడూ ఆ పని నేర్చినవాడు కాడు. విరిగిన చోట మొదటి రెండు మూడు రోజులు వాపు పెరుగుతుంది. కట్టు బిగువుగా ఉంటే లోపల రక్తం ఆగిపోయి కండ చచ్చిపోతుంది. బిడ్డ ఆగకుండా ఏడుస్తున్నా, వేళ్లు నల్లబడినా, తెల్లగా పాలిపోయినా, తిమ్మిరెక్కినా, మనము వేళ్లు చాపితే కేకవేసినా, తెల్లవారేదాకా ఆగకూడదు. ఆ క్షణమే కట్టు విప్పించి ఆసుపత్రికి పరుగెత్తాలి. కొద్ది గంటలలోనే చేయి పోతుంది. కొందరు పసివారికి మోచేతి దగ్గర విరిగిన ఎముక చక్కగా అతుక్కొని, కట్టు బిగువుకు చేయి మాత్రం శాశ్వతంగా ముడుచుకొని పోయిన సంగతి ఎముకల డాక్టరులందరికీ తెలుసు. ఇది ఆసుపత్రి సిమెంటు కట్టుకు కూడా వర్తించే మాటే. చర్మం చీలి ఎముక బయటకు కనబడితే మాత్రం ఏ ఆకూ పెట్టవద్దు. శుభ్రమైన గుడ్డ కప్పి నేరుగా ఆసుపత్రికే.

రెండవది తుంటి. ఈ వ్యాసము వ్రాయడానికి అసలు కారణము ఇదే.

ముసలితల్లి రాత్రివేళ వాకిట్లో జారి పడుతుంది. లేవలేదు. ఒక కాలు పొట్టిగా, పాదము బయటి వైపు తిరిగి ఉంటుంది. గజ్జలో నొప్పి అంటుంది. తుంటి ఎముక విరిగిందన్నమాట. అప్పుడు ఇంట్లో వినబడే మాట మీరందరూ విన్నదే: “ఈ వయసులో ఆపరేషనా? ఉన్నన్నాళ్లు మంచంలోనే చూసుకుంటాము అయ్యగారూ, కోయించడమెందుకు?” ఆ మాటలో ప్రేమ ఉన్నది, నేను కాదనను. కాని ఆ మాట చెప్పేది కొడుకు. పడుకున్నది తల్లి.

తుంటి ఎముక చాలా లోపల, పెద్ద కండల మధ్య ఉంటుంది. బయట ఎంత కట్టు కట్టినా అది ఆ ఎముకను పట్టదు. కదలక పడుకున్న ముసలి దేహానికి వారాలలోనే వీపున పుండ్లు పడతాయి, ఊపిరితిత్తులలో నెమ్ము చేరుతుంది, కాలి నరాలలో రక్తం గడ్డకడుతుంది. విరిగిన ఎముక చంపకపోయినా, పడక చంపుతుంది. అందుకే తుంటి విరిగిన వృద్ధులకు వీలైతే 48 గంటల లోపలే ఆపరేషన్ చేయమని వైద్య నియమాలు చెప్పుచున్నవి. దాని ఉద్దేశ్యము ఆమెను పడుచుదానిగా చేయడం కాదు. మరునాడో ఆ మరునాడో కూర్చోబెట్టి, నొప్పి తగ్గించి, పట్టుకొని నాలుగడుగులు వేయించి, తన అవసరాలకు తాను వెళ్లగలిగేటట్లు చేయుట. చాలాసార్లు నడుము నుండి కిందికే మత్తు ఇస్తారు. డెబ్బై, ఎనభై దాటినవారికి కూడా ఈ ఆపరేషన్ మామూలుగా చేస్తున్నారు. అపాయము లేదని నేననను. గుండె, ఊపిరి బాగా బలహీనమైనవారు ఉంటారు. ఆ సంగతి కూడా విప్పి చెప్పాలి. అన్నీ విన్న తరువాత ఆ తల్లి “నాకు వద్దు నాయనా, నొప్పి తెలియకుండా మందులిచ్చి నన్ను ఇంట్లోనే ఉండనివ్వు” అంటే, అది ఆమె మాట. దానిని గౌరవించవలసిందే. కాని ఆమె నోట రాని మాటను ఆమె పేరిట మనము చెప్పకూడదు. తనంతట తాను లేచి పెరట్లోకి పోగలిగితే చాలు అనుకొనే తల్లులు ఎందరో. కోడలి చేత ఎత్తించుకోవడం వారికి నొప్పి కన్న పెద్ద బాధ. ఆ సంగతి అడిగితేగాని చెప్పరు.

అడగడమంటే గుర్తుకు వచ్చింది. బేతెస్ద కోనేటి దగ్గర ముప్పది ఎనిమిదేండ్లుగా పడి ఉన్నవానిని చూసినప్పుడు ప్రభువు మొదట చేసినది స్వస్థత కాదు, ప్రశ్న. నీకు బాగుపడాలని ఉన్నదా అని అడిగెను. యెరికో దారిలో గ్రుడ్డివాడైన బర్తిమయినీ ఏమి కావాలని అడిగెను. కండ్లు లేనివానికి ఏమి కావాలో చూసేవారెవరికైనా తెలియదా? అయినా అడిగెను. దీని మీద ప్రసంగాలు చాలా విన్నాము గనుక ఇంతకన్న చెప్పను.

వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు 1946లో వచ్చిన డాక్టరు పాల్ బ్రాండ్ గారి పేరు మీలో పెద్దవారు వినే ఉంటారు. కుష్ఠువ్యాధి వలన కొంకర్లు పోయిన చేతులకు స్నాయువులు మార్చి కుట్టి, వేళ్లు తిరిగి చాపుకొనేటట్లు చేసిన ఎముకల శస్త్ర వైద్యుడు ఆయన. ఆయన చెప్పిన ఒక సంగతి ఉన్నది. చేతులు బాగుపడి వెళ్లినవారిలో ఒకడు తిరిగి వచ్చి, ఈ చేతులు అడుక్కోవడానికి పనికిరావని మొరపెట్టుకొన్నాడట. చేయి మామూలుగా కనబడితే జనం బిచ్చం వేయరు. జబ్బు మచ్చ ఉన్నది గనుక పనీ ఇవ్వరు, గది అద్దెకూ ఇవ్వరు. ఆపరేషన్ చక్కగా జరిగింది, మనిషికి మాత్రం తిండి పోయింది. బ్రాండ్ గారు అతణ్ణి కృతఘ్నుడని తరిమివేయలేదు. ఆ తరువాత అటువంటివారు కాపురముండి వడ్రంగము వంటి పనులు నేర్చుకొనుటకు వైద్య కళాశాల ఆవరణలోనే నవజీవ నిలయమనే చిన్న పల్లె ఏర్పడింది. చేతిని బాగు చేసే ముందు ఆ చేతితో ఏమి చేసి బ్రతుకుతావని అడగాలని ఆ అనుభవము ఆయనకు నేర్పింది.

ఇక మన ఇండ్లలో దీనికి తలక్రిందులైన వ్యవహారము ఒకటి ఉన్నది. కావలసినచోట ఆపరేషన్ వద్దనేవారమే, అక్కరలేనిచోట పెద్ద స్కాను కావాలని పట్టుబడుతున్నాము. నాటు వేసి వచ్చిన ఆడమనిషికి నడుము నొప్పి. డాక్టరు చూసి, నెలన్నరలో తగ్గుతుంది, పని చేసుకో, వారం మాత్రలు వాడు అంటే, ఈయనేమి డాక్టరు, స్కాను కూడా రాయలేదు అంటాము. సూది వేయకపోతే అసలు వైద్యమే కాదన్నట్టు మాట్లాడతాము. 1994లో అమెరికాలో ఏ నడుము నొప్పీ లేని 98 మందికి ఎంఆర్‌ఐ తీసి చూశారు. వారిలో నూటికి 52 మందికి వెన్నుపూసల మధ్య డిస్కు కనీసం ఒకచోట ఉబ్బి ఉన్నది! వారికి నొప్పి లేదని గుర్తుంచుకోండి. తలవెంట్రుక నెరిసినట్లే డిస్కు కూడా వయసుతో అరుగుతుంది. నొప్పి వచ్చిన రోజున స్కాను తీస్తే ఆ ఉబ్బు కనబడుతుంది, దానికి పెద్ద పేరు పెడతారు, ఆ పేరు విని మనిషి పలుగు పట్టుకోవడానికి భయపడతాడు. నొప్పి కన్న ఆ భయమే ఎక్కువ రోజులు మంచాన పడేస్తుంది.

వెంటనే పరీక్ష కావలసిన నడుము నొప్పులు లేకపోలేదు. మూత్రము, విరేచనము పట్టు తప్పినా, కూర్చొనే చోట స్పర్శ పోయినా, కాలు బలము తగ్గి చెప్పు జారిపోతున్నా, రాత్రి జ్వరముతో మనిషి చిక్కిపోతున్నా (వెన్నుకు క్షయ రావచ్చు), ముందు క్యాన్సరు వచ్చినవారైనా, ముసలివారు పడిన తరువాత మొదలైనా, ఒక్కరోజు కూడా ఆలస్యము చేయవద్దు. మిగిలినవారు డాక్టరును ఒక ప్రశ్న అడగండి: “ఈ స్కానులో ఏది కనబడితే మీరు వైద్యము మారుస్తారయ్యా?” ఏదీ మారదంటే ఆ డబ్బు ఇంట్లో ఉంచుకోండి.

మన మెట్టవారికి ఇంకొక మాట. నడుము, మెడ మెల్లగా బిగుసుకుపోయి, వంగలేక, తిరిగి చూడలేక ఉన్నవారు ఉదయగిరి, వరికుంటపాడు వైపు ఊళ్లలో కనబడుతుంటారు. బోరునీటి ఫ్లోరైడు వలన ఎముకలు ఇలా గట్టిపడే జబ్బును గూర్చి 1937లోనే షార్ట్ అనే వైద్యుడు, ఆయన తోటివారు నెల్లూరు జిల్లా పేరుతోనే వైద్య పత్రికలో వ్రాశారు. అప్పటికి కనిగిరి, పొదిలి, దర్శి కూడా మన జిల్లాయే. 1970లో ప్రకాశం జిల్లాలోకి పోయినవి. ఈ జబ్బులో ఒక్క మామూలు ఎక్స్‌రే చాలావరకు సంగతి చెబుతుంది. దానితోపాటు పరీక్ష చేయించవలసినది మనిషిని కాదు, నీళ్లను. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీళ్లు దొరకనిచోట ఒకటిన్నర వరకు అని మన దేశపు ప్రమాణము. బిగిసిన ఎముకను వెనక్కి తెచ్చే మందు లేదు గనుక పిల్లలు త్రాగే నీళ్లు మార్చుటే ఆ ఇంటికి వైద్యము.

మోకాళ్ల విషయమై పెద్దవయసు సహోదరీలు ఎక్కువగా అడుగుతుంటారు. అరిగిన మోకాలికి నిలబడి తీసిన ఎక్స్‌రే చాలు, చాలామందికి స్కాను అక్కరలేదు. గొట్టము పెట్టి లోపల కడిగి శుభ్రము చేస్తామనే ఆపరేషన్ ఒకటి ఉన్నది. అమెరికాలోని హ్యూస్టన్‌లో 180 మంది మీద దానిని పరీక్షించి 2002లో ఫలితము ప్రకటించారు. కొందరికి నిజముగా కడిగారు. కొందరికి, వారి ఒప్పుకోలుతోనే, పైన చర్మము మీద గాట్లు పెట్టి కుట్టి పంపారు, తమకు ఏది జరిగిందో ఎవరికీ చెప్పలేదు. రెండేండ్లు చూస్తే, కడిగించుకున్నవారు మిగిలినవారికన్న ఏమీ మెరుగ్గా లేరు! అరుగుదలకు మాత్రమే ఆ ఆపరేషన్ అంటే ఒకసారి ఆలోచించండి. తొడ కండను బలపరిచే వ్యాయామము, బరువు తగ్గుట, నొప్పి లేని వైపు చేతిలో కర్ర, ఇవి చవకవని చిన్నచూపు చూడవద్దు.

ఇవన్నీ చేసినా రాత్రి నిద్ర పట్టనివారికి కీలు మార్పిడి మంచి వైద్యమే. 2017 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వము మోకాలి కీళ్ల ధరకు కళ్లెము వేసింది. అంతకుముందు లక్షన్నర దాటిన సాధారణ రకము 54,720 రూపాయలకు, పన్ను కాక, దిగింది. తరువాత కొద్దిగా మార్చి ఉన్నారు గనుక బిల్లులో కీలు ధర వేరుగా చూపమని అడగండి. కాని డబ్బుకన్న ముందు అడగవలసినది వేరే ఉన్నది. మార్చిన మోకాలితో నేల మీద గొంతుక్కూర్చోవద్దని చాలామంది డాక్టర్లు చెబుతారు. పొయ్యి దగ్గర, కలుపు తీసే చోట, పెరట్లో, గుడిలో చాప మీద, అన్నీ నేల పనులే మనకు. మోకాళ్లూని ప్రార్థించలేనేమో అని దిగులుపడే తల్లులు ఉన్నారు. డాక్టరు ఎదుట ఆ మాట చెప్పడానికి సిగ్గుపడతారు. చెప్పండి అమ్మా. అది చిన్న సంగతి కాదు. కుర్చీలో కూర్చొని చేసిన ప్రార్థన తక్కువదేమీ కాదని చెప్పడానికి నేనున్నాను. ప్రతి సంఘములోను ముందు వరుసలో నాలుగు కుర్చీలు వేయించడం పెద్దలకు భారము కాదు.

ఆపరేషన్ చేయించుకుంటే విశ్వాసము తక్కువైనట్లని చెప్పి కొందరిని ఆపుతున్నవారు ఉన్నారు. లూకా వైద్యుడని పౌలే వ్రాసినాడు. అంతకన్న వాదము నాకు అక్కరలేదు.

సంతకాల సంగతి. 2008 జనవరి 16న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటి ప్రతి కుటుంబానికీ తెలిసి ఉండాలి. రోగము ఏమిటి, ఏమి చేయబోతున్నారు, దానిలో అపాయమేమిటి, వేరే దారి ఏమున్నది, ఏమీ చేయకపోతే ఏమగును, ఇవి రోగికి అర్థమయ్యేటట్లు చెప్పి, రోగి ఒప్పుకొన్న తరువాతనే వైద్యము చేయాలి. పరీక్షకు ఒప్పుకొంటే ఆపరేషన్‌కు ఒప్పుకొన్నట్లు కాదు. తెలివిలో ఉన్న పెద్దమనిషి బదులు కొడుకు సంతకం చేస్తే సరిపోదు. ఆమె వేలిముద్ర వేసేదైనా సరే, కాగితము ఆమెకు తెలుగులో చదివి వినిపించమని అడగండి. అడిగితే డాక్టరుకు కోపం వస్తుందేమో అని మనవాళ్లకు భయము. వచ్చినా కొంచెంసేపే.

డబ్బుకు భయపడి పుత్తూరు పోయేవారు ముందు మరొకటి చేయండి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అని పిలువబడుతున్న పథకము క్రింద ఏ ఆపరేషన్ వస్తుందో, ఏ ఆసుపత్రిలో వస్తుందో, ఆసుపత్రిలో ఆ పథకము బల్ల దగ్గర కూర్చొన్నవారిని కార్డు చూపి అడగండి. తుంటి విరిగిన రోజున ఈ విచారణకు రెండు రోజులు పోగొట్టుకోకూడదు గనుక, కార్డులో తల్లి పేరు సరిగా ఉన్నదో లేదో ఈ వారమే చూసుకోండి.

ఎక్స్‌రే ఫిల్ములు, ఆసుపత్రి కాగితాలు పారవేయవద్దు. ఆసుపత్రిలో ఉండిపోయిన రికార్డులు కావాలని వ్రాసి అడిగితే 72 గంటలలో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నియమావళిలో ఉన్నది. వాటిని మరొక డాక్టరుకు చూపితే, తీసిన ఫిల్మే మరల తీయించుకొనే ఖర్చు తప్పుతుంది. ఎండ తగలకుండా, మడత పడకుండా, పెట్టె అడుగున పరచి ఉంచండి.